సీవీలో తండ్రి పేరు, మతం, పెళ్లి వివరాలు అవసరమా? ఏం రాస్తే ఇంటర్వ్యూకు పిలుపు వస్తుంది?

డిగ్రీ లేదా బీటెక్ చివరి సంవత్సరంలో చాలామంది విద్యార్థుల సీవీలు ఒకే ఫైలు నుంచి పుడతాయి. సీనియర్ వాట్సాప్‌లో పంపిన వర్డ్ ఫైలు తెరిచి, పేరు, మార్కులు మార్చి మిగతాదంతా అలాగే ఉంచేస్తారు. పైన ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ అంటూ ఏ సంస్థకైనా సరిపోయే ఒక వాక్యం. మధ్యలో పదో తరగతి నుంచి మార్కుల పట్టిక. కింద తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, వైవాహిక స్థితి, హాబీలు. చివర ‘పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అనే డిక్లరేషన్, సంతకం.

రెండు పేజీలు నిండుతాయి. కానీ ఆ అభ్యర్థి ఏ పని చేయగలరన్న ప్రశ్నకు జవాబు దొరకదు. ఒక ఉద్యోగానికి వందల దరఖాస్తులు వచ్చే చోట, ఆ జవాబును వెతికి పట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. సీవీ చేయాల్సిన పని ఒక్కటే. ఈ ఉద్యోగం ఈ మనిషి చేయగలరని నమ్మడానికి ఆధారాలు చూపించి, ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్లాలి.

బయోడేటా వేరు, సీవీ వేరు

భారత్‌లో బయోడేటా, రెజ్యూమే, సీవీ అనే మూడు మాటలనూ ఒకే అర్థంలో వాడేస్తారు. సీవీ అంటే ‘కరిక్యులం వీటే’. లాటిన్‌లో జీవన గమనం అని అర్థం. రెజ్యూమే ఫ్రెంచ్ మాట, అంటే సారాంశం. పరిశోధన, అధ్యాపక ఉద్యోగాలకు ప్రచురణలతో కూడిన పొడవాటి సీవీ కావాలి. ప్రైవేటు ఉద్యోగాలకు ఏ పేరుతో అడిగినా కోరేది ఒకటి రెండు పేజీల సారాంశమే. బయోడేటా మాత్రం పెళ్లి సంబంధాలకు పంపే కాగితానికి దగ్గరి చుట్టం. కుటుంబం, మతం, వయసు దాని ప్రధాన విషయాలు.

ఉద్యోగ దరఖాస్తులో ఈ వివరాల వల్ల ప్రయోజనం లేకపోగా నష్టం జరగవచ్చు. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ 2007లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు ఆధారం. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమానమైన అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపి చూశారు. అగ్రకుల హిందూ పేరున్న దరఖాస్తుతో పోలిస్తే, దళిత పేరున్న దరఖాస్తుకు సానుకూల స్పందన వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరున్న దరఖాస్తుకైతే మూడింట ఒక వంతే.

పేరు దాచలేం. కానీ మతం, కులం, తండ్రి వృత్తి, ఫొటో, పెళ్లయిందా లేదా అన్న సమాచారాన్ని ఎవరూ అడగకముందే ఇవ్వాల్సిన పని లేదు. ప్రకటనలో ప్రత్యేకంగా అడిగితే తప్ప వీటిని వదిలేయడమే మేలు. ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ కోసం కుల వివరాలు తప్పనిసరి. అయితే వాటిని దరఖాస్తు ఫారమే అడుగుతుంది, సీవీ కాదు.

ఆధార్, పాన్, పాస్‌పోర్టు నంబర్లు, సంతకం కూడా సీవీలో ఉండకూడదు. ఒకసారి పంపిన ఫైలు ఎన్ని చేతులు మారుతుందో చెప్పలేం. పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్, ఉంటున్న ఊరు చాలు.

పేరు దగ్గర తెలుగువారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, డిగ్రీ పట్టాలో ఇనిషియల్ మాత్రమే ఉండటం మామూలే. సర్టిఫికెట్ల పరిశీలనలో చిక్కులు రాకుండా, పదో తరగతి మెమోలో ఉన్న పేరునే సీవీలో వాడటం మంచిది.

ముందు చదవాల్సింది ప్రకటన

ఒకే సీవీని యాభై చోట్లకు పంపడం కంటే, పది ఉద్యోగాలకు తగినట్టు మార్చి పంపడం మేలు. ప్రకటనను రెండుసార్లు చదివి, వాళ్లు అడుగుతున్న పనులు ఏమిటో విడిగా రాసుకోవాలి. వాటిలో తాము నిజంగా చేసినవి ఏవో గుర్తుపెట్టి, అవి మొదటి పేజీ పైభాగంలోనే కనిపించేలా చూసుకోవాలి.

దీనికి సాంకేతిక కారణం కూడా ఉంది. పెద్ద కంపెనీలు దరఖాస్తులను ‘అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్’ అనే సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుంటాయి. ఉద్యోగ వెబ్‌సైట్లలో రిక్రూటర్లు కూడా పదాలు కొట్టి అభ్యర్థులను వెతుకుతారు. ప్రకటనలో ‘టాలీ’, ‘జీఎస్టీ రిటర్న్స్’ అని ఉంటే, సీవీలో ‘అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పరిజ్ఞానం’ అని రాసినవారు ఆ వెతుకులాటలో దొరక్కపోవచ్చు. వచ్చిన పనిని ప్రకటనలో వాడిన మాటతోనే చెప్పాలి. రాని పని పేరు మాత్రం చేర్చకూడదు.

రెండు నిలువు వరుసల డిజైన్లు, పట్టికలు, నైపుణ్యాల పక్కన నక్షత్రాలు చూడటానికి బాగుంటాయి. కానీ ఇలాంటి సాఫ్ట్‌వేర్లు వాటిని సరిగా చదవలేకపోవచ్చు. ఒకే వరుసలో, సాదా అక్షరాలతో, పీడీఎఫ్‌గా పంపడం క్షేమం. ఫైలుకు ‘న్యూ ఫైనల్ 2’ అని కాకుండా అభ్యర్థి పేరు, ఉద్యోగం పేరు పెట్టాలి.

‘అనుభవం లేదు’ అనుకునేవారు ఏం రాయాలి?

ఉదాహరణకు నల్గొండలో బీకాం చదివిన ఒక యువకుడు అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాడనుకుందాం. సెలవుల్లో రెండేళ్లపాటు మేనమామ ఎరువుల దుకాణంలో కూర్చున్నాడు. అది ఉద్యోగం కాదని సీవీలో రాయడు. దానికి బదులు ‘కష్టపడే తత్వం, బృందంతో కలిసి పనిచేసే గుణం’ అని రాస్తాడు.

నిజానికి అతని దగ్గరున్న బలమైన ఆధారం ఆ దుకాణమే. సబ్సిడీ ఎరువుల అమ్మకాలను ఈ-పాస్ మిషన్‌లో నమోదు చేయాలి. మిషన్‌లోని స్టాకుకూ గోదాములోని బస్తాలకూ లెక్క కుదరాలి. ఈ పని చేసినవాడు ఇలా రాయవచ్చు: ‘ఎరువుల దుకాణంలో రెండు వేసవి సీజన్లలో రోజుకు 40 దాకా బిల్లులు టాలీలో నమోదు చేశాను. ప్రతి శనివారం ఈ-పాస్ స్టాకును గోదాము నిల్వతో సరిచూశాను. నెలాఖరున జీఎస్టీ ఆడిటర్‌కు అమ్మకాల వివరాలు సిద్ధం చేసి ఇచ్చాను.’

ఇందులో విశేషణాలు లేవు. ఏం చేశాడు, ఎంత చేశాడు, దేనితో చేశాడు అన్నవే ఉన్నాయి. కష్టపడతాడని వేరే చెప్పనక్కర్లేదు, చదివేవారికే అర్థమవుతుంది.

ఇంజినీరింగ్ ప్రాజెక్టులకూ ఇదే సూత్రం. ‘ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టమ్’ అన్న శీర్షిక ఒక్కటీ రాస్తే, అది కొన్న ప్రాజెక్టేమో అన్న అనుమానం వస్తుంది. నలుగురి బృందంలో తాను రాసిన భాగం ఏది, ఎక్కడ చిక్కు వచ్చింది, దాన్ని ఎలా పరిష్కరించారు అన్నది రెండు వరుసల్లో ఉండాలి.

ఖాళీ సంవత్సరాల మాటేమిటి?

తెలుగు రాష్ట్రాల్లో గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల కోసం మూడు నాలుగేళ్లు చదివి, తర్వాత ప్రైవేటు ఉద్యోగాల వైపు వచ్చేవారు ఎక్కువ. పెళ్లి, పిల్లల కారణంగా ఉద్యోగం మానేసి తిరిగి రావాలనుకునే మహిళలూ ఉన్నారు. ఆ సంవత్సరాలను దాచిపెట్టడానికి తేదీలు మార్చేవారే చివరికి ఇబ్బంది పడతారు.

‘2021-2024: పోటీ పరీక్షల సన్నద్ధత; గ్రూప్-2కు చదువుతూనే ట్యూషన్లు చెప్పాను’ అని ఒక వరుస రాస్తే సరిపోతుంది. ‘కుటుంబ బాధ్యతల కోసం విరామం’ అన్నా చాలు. ఆ కాలంలో నేర్చుకున్న కోర్సు, చేసిన చిన్న పని ఏదైనా ఉంటే పక్కనే చేర్చాలి. క్షమాపణ కోరుతున్నట్టు రాయనక్కర్లేదు.

దొంగ అనుభవం ఎలా బయటపడుతుంది?

ఫ్రెషర్లకు అవకాశాలు తగ్గినప్పుడల్లా, డబ్బు తీసుకుని రెండు మూడేళ్ల అనుభవం ఉన్నట్టు పత్రాలు తయారుచేసి ఇచ్చే కన్సల్టెన్సీలు పుట్టుకొస్తాయి. ఇంటర్వ్యూ దాటినా అసలు పరీక్ష ఆ తర్వాతే ఉంటుంది.

ఈపీఎఫ్‌వో 2014 నుంచి ప్రతి సభ్యుడికీ యూఏఎన్ అనే ఒకే నంబరు ఇస్తోంది. ఎక్కడ ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్న సర్వీసు చరిత్ర అందులో కనిపిస్తుంది. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకు సాధారణంగా పీఎఫ్ వర్తిస్తుంది. పెద్ద కంపెనీలో మూడేళ్లు చేశానని చెప్పిన వ్యక్తికి పీఎఫ్ జాడే లేకపోతే ప్రశ్న తప్పదు. జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం-16 కూడా అడుగుతారు. అబద్ధం బయటపడితే, చేరిన ఆరు నెలలకైనా ఉద్యోగం పోతుంది. లక్షలు కట్టిన కుటుంబానికి అప్పు మాత్రం మిగులుతుంది.

దీనికి మరో వైపు కూడా ఉంది. పీఎఫ్ లేని చిన్న సంస్థల్లో నిజాయతీగా పనిచేసినవారు తమ అనుభవాన్ని నిరూపించలేక నష్టపోతుంటారు. వారు చేరిన రోజు నుంచే నియామక లేఖ, జీతం బ్యాంకులో పడిన వివరాలు, మానేసేటప్పుడు రిలీవింగ్ లేఖ భద్రపరచుకోవాలి. లెటర్‌హెడ్ మీద యజమాని ఇచ్చిన నాలుగు వాక్యాల లేఖ కూడా పనికొస్తుంది.

పంపే ముందు ఒక పరీక్ష

ఇప్పుడు ఏఐ చాట్‌బాట్లు నిమిషంలో సీవీ రాసి ఇస్తున్నాయి. అక్షర దోషాలు సరిచేయడానికి, ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివినవారికి అవి ఉపయోగమే. కానీ వాటి భాషను యథాతథంగా దించేస్తే, ఇంటర్వ్యూలో ఆ మాటకు అర్థం అడిగినప్పుడు నోరు పెగలదు. సులువైన ఇంగ్లిష్‌లో, చిన్న వాక్యాల్లో రాసుకున్న సీవీయే ఎదురుగా కూర్చున్నప్పుడు అండగా ఉంటుంది.

సీవీ పూర్తయ్యాక స్నేహితుడి చేతికిచ్చి, ఒక్కో వరుస మీద వేలు పెట్టి ‘ఇది ఎలా చేశావు?’ అని అడగమనాలి. రెండు నిమిషాలు తడబడకుండా చెప్పగలిగిన వరుస ఉంచాలి. చెప్పలేనిది కొట్టేయాలి. అలా మిగిలింది ఒక పేజీకి తగ్గినా ఫరవాలేదు.