పొగగొట్టంలో దాగిన బ్యాటరీ

విశాఖపట్నం చేపలరేవులో వరుసగా నిలిచి ఉండే మరపడవలను మీలో కొందరైనా చూసి ఉంటారు. వాటి ఇంజను పడవ పొట్టలోనే ఉంటుంది. ఇంజను లోపల ఉన్నప్పుడు దాని పొగను బయటికి పంపడానికి ఒక గొట్టం కావాలి గదా! కొన్ని పడవల్లో ఈ గొట్టం నిటారుగా పైకి లేస్తుంది. మరికొన్ని పడవల్లో వెనుకవైపుకు వెళ్ళి, నీటిమట్టానికి కాస్త పైన బయటపడుతుంది. ఈ రెండో రకం పడవ కదులుతున్నప్పుడు గమనిస్తే ఒక వింత కనిపిస్తుంది. గొట్టం నుంచి పొగతోబాటు నీళ్ళు కూడా చిమ్ముతూ ఉంటాయి. పొగగొట్టంలో నీళ్ళు ఎవరు పోశారు?

ఇంజనే పోసుకుంది. దాని నుంచి వెలువడే పొగ కొన్ని వందల డిగ్రీల సెంటీగ్రేడు వేడితో ఉంటుంది. అంత వేడి గొట్టం పడవ పొడవునా సాగితే దగ్గరున్న చెక్క అంటుకోవచ్చు. అందుకని ఇంజనుకు అమర్చిన పంపు సముద్రపు నీటిని లోపలికి తోడుతుంది. ఆ నీరు మొదట ఇంజను వేడిని తీసుకుని, తర్వాత ఎల్బో అనే వంపు గొట్టంలో పొగతో కలుస్తుంది. పొగ ఎంతగా చల్లబడుతుందంటే, అక్కడినుంచి రబ్బరు గొట్టమే సరిపోతుంది.

ఏర్పాటు బాగానే ఉంది. కాని పడవ పాతబడేకొద్దీ ఎల్బో తుప్పుపడుతుంది, నిపుల్ చిల్లుపడుతుంది. పాడైన ముక్కను తీసి, చేతికి అందిన మరొకటి బిగిస్తారు. ఇలా కొన్నేళ్ళు గడిచేసరికి పోత ఇనుము ఎల్బో, ఇత్తడి నిపుల్, రాగి వంపు, స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పు అన్నీ ఒకే గొట్టంలో చేరతాయి. విడివిడిగా ఏ ముక్కా చెడ్డది కాదు. చెడ్డది వాటి సహవాసం!

ఒక యుద్ధనౌక నేర్పిన పాఠం

1761లో బ్రిటిషు నౌకాదళం ‘అలారం’ అనే ఓడ అడుగుకు రాగి రేకులు తొడిగింది. చెక్కను తొలిచే ఓడపురుగుల బెడద తప్పించాలన్నది ఉద్దేశం. సుమారు రెండేళ్ళ తర్వాత ఓడను పరీక్షిస్తే చాలాచోట్ల రేకులు ఊడిపోయి ఉన్నాయి. రాగికి ఏమీ కాలేదు. దాన్ని పట్టి ఉంచిన ఇనుప మేకులు మాత్రం తినేసినట్లయిపోయాయి. అయితే కొన్ని మేకులు బాగానే ఉన్నాయి. ఎందుకు? రాగికీ ఆ మేకులకూ మధ్య గోధుమరంగు కాగితం ముక్క చిక్కుకుని ఉంది. లోహాన్ని లోహం తాకకుండా అదే అడ్డుపడింది.

అప్పటికి దీనికి కారణం ఎవరికీ తెలియదు. 1800లో వోల్టా రెండు రకాల లోహపు బిళ్ళలను, ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలను దొంతరగా పేర్చి విద్యుత్తు పుట్టించాక రహస్యం బయటపడసాగింది. రెండు వేర్వేరు లోహాలు, వాటిని కలిపే ఉప్పునీరు ఉంటే చాలు, బ్యాటరీ తయారయినట్లే. ఇనుము రాగికంటే చురుకైన లోహం. ఇనుప పరమాణువులు ఎలక్ట్రానులను వదలి, అయానులై నీటిలోకి జారిపోతాయి. ఆ ఎలక్ట్రానులు రాగిలోకి పోతాయి. అందువల్ల రాగి క్షేమంగా ఉంటుంది, ఇనుము కరిగిపోతుంది.

మన పొగగొట్టంలో లోహాలు ఉన్నాయి, ఉప్పునీరు ఉంది. పైగా నీరు వేడిగా ఉంటుంది కనుక రసాయన చర్య ఇంకా జోరందుకుంటుంది. ఇంధనంలోని గంధకం కాలి, నీటితో కలిసి ఆమ్లమవుతుంది. ఇత్తడిలోని జింకు మెల్లగా జారుకుంటే గులాబిరంగు, గుల్లబారిన రాగి మిగులుతుంది. చూడటానికి ఆకారం అలాగే ఉన్నా, తడితే విరిగిపోతుంది.

మీరే చేసి చూడండి

రెండు గాజు గ్లాసుల్లో ఉప్పునీరు తీసుకోండి. రెండు కొత్త ఇనుప మేకులను బాగా రుద్ది శుభ్రం చేయండి. ఒకదానికి సగం వరకు పైపూత లేని రాగితీగ గట్టిగా చుట్టండి. రెండింటినీ వేర్వేరు గ్లాసుల్లో వేసి, రెండు మూడు రోజులు రోజూ గమనించండి. ఏ మేకు ఎక్కువ తుప్పుపట్టిందో, ఎక్కడ పట్టిందో రాసిపెట్టుకోండి.

లోహం కుదిరితే చాలదు

మరలు కూడా కుదరాలి. బ్రిటిషు పద్ధతి గొట్టపు మర కోణం 55 డిగ్రీలు; అమెరికా పద్ధతిలో 60 డిగ్రీలు. అంగుళం గొట్టానికి మొదటి పద్ధతిలో అంగుళానికి 11 చుట్లు, రెండో పద్ధతిలో పదకొండున్నర. ఒకదానిలో మరొకటి బిగిస్తే రెండు మూడు చుట్లు తిరిగి పట్టేస్తుంది. బిగిసిందనుకుంటాం, కాని సందు ఉండనే ఉంటుంది.

ఇక లోపలి వ్యాసం. 50 మి.మీ. గొట్టం మధ్య 40 మి.మీ. ముక్క పెడితే దారి ఎంత తగ్గుతుంది? వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది గదా! లెక్క వేస్తే 64 శాతమే మిగులుతుంది. పొగ వెనక్కి ఒత్తుతుంది. ఇంజను బలం తగ్గి వేడెక్కుతుంది.

ప్రాణాల మీదికి

గొట్టం చిల్లుపడితే రెండు ఆపదలు. పంపు తోడిన సముద్రపు నీరు బయటికి పోకుండా పడవలోనే చేరుతుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ పడవ తనను తానే ముంచుకుంటూ ఉంటుంది. రెండోది కంటికి కనిపించనిది. పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. పెట్రోలు ఇంజనులో ఇది మరీ ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన గదిలో నిద్రించేవారు తలనొప్పి అని కూడా చెప్పకుండానే ప్రాణం విడవవచ్చు.

కాబట్టి తెలిసిన మెకానిక్కు పాడైన ఒక్క ముక్కనే మార్చి ఊరుకోడు. ఇంజను చల్లబడ్డాక, సముద్రపు నీరు వచ్చే కవాటం మూసి, ఎల్బో నుంచి రబ్బరు గొట్టం దాకా విప్పి చూస్తాడు. ఒకే జాతి లోహం, ఒకే మర, ఒకే వ్యాసం ఉన్న ముక్కలను ఎంచుకుంటాడు. పొగ వేడికి తట్టుకునే రబ్బరు గొట్టం వాడి, ప్రతి కీలుకూ రెండేసి క్లిప్పులు బిగిస్తాడు. తర్వాత ఇంజను నడిపి, కీళ్ళ దగ్గర తడిగాని మసిగాని ఉందేమో చూస్తాడు.

పడవ అడుగున జింకు దిమ్మ కడితే చాలదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. 1824లో హంఫ్రీ డేవీ, రాగి తొడుగు ఉన్న ఓడలకు జింకు, ఇనుము ముక్కలు తగిలించి రాగిని కాపాడవచ్చునని చూపాడు. చురుకైన లోహం తాను కరిగి రెండోదాన్ని రక్షిస్తుంది. కాని అడుగున ఉన్న దిమ్మ రక్షణ పొగగొట్టం లోపలికి చేరదు. అక్కడ సరైన జోడీ ఒక్కటే దారి.

ఈ జోడీల కథ మీ ఇంట్లోనూ ఉంది. ఇనుప గొట్టానికి ఇత్తడి కుళాయి బిగించిన చోటు వెతికి చూడండి. తుప్పు ఎటువైపు ఉంది? ఎందుకు అటే ఉంది? మీ నోటుపుస్తకంలో సమాధానం రాయండి.