ఫబాద: ఒక కుండ, రెండు జాగ్రత్తలు

స్పెయిను దేశపు ఉత్తరపుటంచున, సముద్రమునకును కొండలకును నడుమ, అస్తూరియస్ అను సీమ కలదు. అచ్చట వానలు మెండు. చలికాలమున కొండలపై మంచు పేరుకొనును. పొలములలోను, బొగ్గుగనులలోను పాటుపడినవారికి కడుపునిండ వేడి ఆహారము కావలసివచ్చెను. అట్టివారి యిండ్లలో పెంపొందిన వంటకమే ఫబాద. పెద్ద తెల్లని గింజలను, సాసేజీలను ఒకే కుండలో గంటలకొలది కాచి చేయు చిక్కని సూపు ఇది.

ఈ గింజలును, మన అంగళ్లలో దొరకు రాజ్మా గింజలును ఒకే జాతివి; రంగును, పరిమాణమును మాత్రమే వేఱు. వీని పుట్టినిల్లు అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ దిక్కునకు ఓడలు నడిపిన పిదపనే ఇవి ఐరోపాకు చేరినవి. మిరపయు అట్లే చేరినది. స్పెయినువారు దాని పొడిని మాంసములో కలిపి చోరీసో అను ఎఱ్ఱని సాసేజీని చేయుదురు. ఆ మిరపయే పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చినది. కావున ఫబాదకును మన ఆవకాయకును దూరపు చుట్టఱికము కలదు.

సాసేజి యనగా సన్నగా తఱిగిన మాంసమునకు ఉప్పును, సంభారములను పట్టించి, శుభ్రపఱచిన పేగులో కూరి కట్టినది. శీతల యంత్రములు లేని కాలమున, నవంబరు 11వ తేదీన వచ్చు సెయింట్ మార్టిన్ పండుగ దాపున పందిని కోసి, ఆ మాంసమును పెక్కు నెలలకు ఇట్లు నిలువచేసికొనెడివారు. ఉప్పు మాంసములోని తడిని లాగివేయును. పొగ సూక్ష్మజీవులను అణచును. అస్తూరియస్ గాలి తేమగలది కావున అచ్చట పొగబెట్టుట మఱింత అవసరమయ్యెను.

వంట విధము కష్టమైనది కాదు. నలుగురికి అరకిలో గింజలు చాలును. వానిని ముందునాటి రాత్రియే చన్నీటిలో నానబెట్టుదురు. మఱునాడు ఆ నీటిని పాఱబోసి, వెడల్పైన కుండలో కొత్తనీరు పోసి, గింజలతోపాటు ఉల్లిపాయ, చోరీసో, నెత్తురును ఉల్లిని కూర్చి చేసిన మోర్సీయా, ఉప్పుపట్టించిన పందిమాంసము వేయుదురు. నీరు బాగుగా తెర్లిన పిమ్మట, తేలిన నురుగును తీసివేసి సెగ తగ్గింతురు. నడుమనడుమ రెండుమూడు మాఱులు కొంచెము చన్నీరు పోయుదురు. దీనిని అచ్చటివారు ‘గింజలను భయపెట్టుట’ యందురు. తెర్లు ఒక్కింత ఆగుటచే గింజల పైపొర పగులక, లోపల సమముగా ఉడుకునని వారి అనుభవము. గరిటె పెట్టి కలుపరు. కుండను పట్టి మెల్లగా ఊపుదురు. సాసేజీలలోనే ఉప్పుండును గనుక, కడపటనే రుచిచూచి ఉప్పు వేయుదురు. రెండుమూడు గంటలకు గింజలు వెన్నవలె మెత్తబడును, సూపు చిక్కబడును.

ఈ కుండలో రెండు ప్రమాదములు పొంచియుండగలవు. మొదటిది గింజలది. ఈ జాతి పచ్చిగింజలలో లెక్టిన్ అను విషపదార్థము కలదు. ఎఱ్ఱ రాజ్మాలో అది అధికము. ఉడికీ ఉడకని గింజలు నాలుగైదు తిన్నను కొన్ని గంటలలో వాంతులు, విరేచనములు కలుగవచ్చును. నీరు తెర్లని కొలదివేడికి ఆ విషము నశింపదు. కావున నానిన నీటిని పాఱబోసి, కొత్తనీటిలో అరగంటయైనను తెర్లింపవలెను.

రెండవది సాసేజిది. సరిగా నిలువచేయని సాసేజీలు తిని జర్మనీలో పలువురు మరణింపగా, యుస్టీనుస్ కెర్నర్ అను వైద్యుడు ఆ వ్యాధిని శ్రద్ధగా పరిశీలించి 1820, 1822 సంవత్సరములలో వివరములు ప్రకటించెను. ఆ విషమును స్వల్పముగా తానే పుచ్చుకొని పరీక్షించిన సాహసి యాతడు. సాసేజికి లాటిను భాషలో గల పేరునుండియే ఆ వ్యాధికి బొట్యులిజము అను పేరు వచ్చినది. దానికి కారణమైన సూక్ష్మజీవిని 1895లో బెల్జియము శాస్త్రజ్ఞుడు వాన్ ఎర్మెంగెం కనుగొనెను. గాలి చొరని చోటనే అది పెరుగును. ఆ విషమునకు ఒక్కొక్కప్పుడు దుర్వాసనయు ఉండదు. కావున వాసన చూచి నిలువ మాంసమును నమ్మరాదు.

నానబెట్టుట, తెర్లించుట, ఉప్పు, పొగ అను పద్ధతులను వంటయింటివారు శాస్త్రము కారణము చెప్పకమునుపే పాటించిరి. కారణము తెలిసిన నేడు వానిని విడుచుట తగదు. ఏ దేశపు వంటయైనను తొందరపడి పొయ్యి దింపువానికి ముప్పు తప్పదు.