చెవి మీద వెంట్రుక, సంచిలో గింజ

పరిణామవాదం మీద పుస్తకాలు, వాటి చుట్టూ వాదాలు. ఎడిటర్ ఇచ్చిన పని ఇదీ, గడువు గురువారం. కుర్రకారు పొద్దస్తమానం చదువుతూ కనిపించేది అమీర్‌పేటలోనే కదా అని అక్కణ్నుంచే మొదలుపెట్టాను. మైత్రీవనం దగ్గరి సందులో, జిరాక్స్ షాపు ముందు, నీట్‌కు రెండోసారి కూర్చుంటున్న ఒకమ్మాయి తన స్పైరల్ బైండింగ్ పుస్తకం చూపించింది. డార్విన్‌కు దక్కింది పేజీన్నర. జన్యుశాస్త్రం కింద మాత్రం ఒక లైనుకు పెన్సిల్‌తో రెండు స్టార్లున్నాయి: వై క్రోమోజోమ్ ద్వారా తండ్రి నుంచి కొడుక్కే వచ్చే లక్షణం, చెవి డొప్ప మీద వెంట్రుకలు.

వారమంతా నన్ను వదలనిది ఆ లైనే.

దాని వెనక పిఠాపురం ఉంది. ద్రోణంరాజు కృష్ణారావుగారిది ఆ ఊరు. సహజ ఎంపికకు లెక్కలు కట్టిన మహానుభావుల్లో ఒకరైన జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చేస్తే, ఆయన దగ్గర శిష్యుడిగా చేరారు. ఖరీదైన పరికరాలు లేకుండానే ఈ దేశంలో గొప్ప జీవశాస్త్రం చేయొచ్చని హాల్డేన్ నమ్మకం. కృష్ణారావుగారు చెవులు చూశారు. తాతకు, తండ్రికి, కొడుక్కి ఉన్నాయా, ఆడపిల్లల సంతానానికి వచ్చాయా అని వంశవృక్షాలు గీసి 1960లో అచ్చువేశారు.

2004లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ శాస్త్రవేత్తలు దక్షిణాది పురుషుల వై క్రోమోజోములనే నేరుగా పరీక్షించారు. ఆ జన్యువు వై మీదే ఉంటే, చెవి వెంట్రుకలున్నవాళ్లంతా కొద్దిపాటి పితృవంశాల్లో గుమిగూడాలి. అలా లేరు, మిగతా జనంలాగే రకరకాల వంశాల్లో చెదిరి ఉన్నారు. అంటే ఆ రెండు స్టార్ల లైను నిలవలేదు. ఆ వ్యాసం మెట్రోలో ఫోన్‌లో చదువుతున్నాను. పంజాగుట్ట ఒక్క స్టేషనే. దిగేలోపు ఎదుటి పెద్దాయన చెవి అంచున తెల్లటి కుచ్చు కనబడింది.

తన మాట తాను దిద్దుకునే ఈ గుణం కోసమే నాకు పరిణామం పుస్తకాలంటే ఇష్టం. అసలు వాదం శాస్త్రం లోపల ఇలా నడుస్తుంది. సంచిలో పోసిన గింజల్లా జన్యువులను విడివిడిగా లెక్కపెడితే పరిణామం తెలుస్తుందా అని 1959లో పరిణామ జీవశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మేయర్ నిలదీశారు. తెలుస్తుందని 1964లో హాల్డేన్ గట్టి జవాబు రాశారు. ఆ తగవు మీద 2011లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వేసిన పుస్తకం మన కృష్ణారావుగారిదే. జవాబు రాసిన ఏడాదే, డిసెంబరు 1న, హాల్డేన్ భువనేశ్వర్‌లో పోయారు. వీలునామా ప్రకారం ఆయన దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. భద్రపరిచే ఖర్చుకు తన ఆస్తిలోంచి ముందుగా డబ్బు తీయమని కూడా అందులో రాశారు.

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1859లో డార్విన్ పుస్తకం. 2018లో డార్విన్ తప్పన్నారు ఒక కేంద్ర సహాయమంత్రి; మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఖండించాయి. 2019లో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో, దశావతారాలే డార్విన్‌ను మించినవన్నారు అప్పటి ఆంధ్రా యూనివర్సిటీ వీసీ. చేప, తాబేలు, వరాహం వరస పరిణామాన్ని స్థూలంగా తలపిస్తుందని హాల్డేన్ కూడా అన్నారు. ఆయనకది పోలిక, రుజువు కాదు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పోతే, 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు లేఖ రాశారు.

గురువారం మళ్లీ ఆ సందుకెళ్లి ఆ అమ్మాయికి 2004 సంగతి చెప్పాను.

"మరి పరీక్షలో ఏది పెట్టాలి సార్?"

"కీలో ఉన్నదే పెట్టమ్మా."

స్టార్ల పక్కన పెన్సిల్‌తో 2004 అని రాసుకుంది.

పెట్టెలో: తెలుగులో చదవాలంటే

నండూరి రామమోహనరావు 'నరావతారం'. మనిషి పరిణామ కథకు అవతారం అనే మాటనే పేరుగా వాడుకున్న పాత్రికేయుడాయన. 'విశ్వరూపం' కూడా ఆయనదే. అణుశాస్త్రవేత్త, సంగీతజ్ఞుడు, రచయిత కుటుంబరావుగారబ్బాయి కొడవటిగంటి రోహిణీప్రసాద్ వ్యాసాలు.