గట్టున నిలువవలసిన బండి

సముద్రమెరుగని సీమ మనది. అయినను శ్రీరామసాగరపు వరద కాలువ జగిత్యాల జిల్లా మీదుగా సాగివచ్చి, సిరిసిల్ల దాపున మిడ్ మానేరులో కలియుచున్నది. ఆ నీటి అడుగున చింతలఠాణా, కొదురుపాక వంటి ఊళ్లు వున్నవి. ఎవరైన మునిగినచో పిలుపు గజ ఈతగాండ్రకే. వారి పనిముట్టు గుక్కెడు ఊపిరి. పది మీటర్ల లోతుననే ఒత్తిడి రెట్టింపగును.

స్క్యూబా సిలిండర్లు, వాటిని నింపు కంప్రెసరు, తాళ్లు, దీపములు, తడిబట్టలారు చోటు, ఇవన్నియు ఒక్క వ్యానులో ఇముడును. కంప్రెసరు గాలి పీల్చు గొట్టము మాత్రము ఇంజను పొగకు దూరముగా వుండవలెను. లేనిచో సిలిండరులో విషమే నిండును. (ఈత నేర్పు వేరు, ఈ నేర్పు వేరు.) అట్టి బండి కోరుట్లలో నిలిచినచో అటు జగిత్యాలకును, ఇటు సిరిసిల్లకును పోగలదు.

చీకటి పడగానే వెదకులాట ఆగును. గట్టున కూర్చున్న తల్లి మాత్రము లేవదు.