పిల్లి వెళ్లినా పిల్లికూతలు పోవా?

పెంపుడు జంతువుల అలర్జీ వయసుతోపాటు తగ్గిపోతుందన్నది ఎందరో తల్లిదండ్రుల ఆశ. ఆ ఆశకు శాస్త్రం ఇస్తున్న మద్దతు మాత్రం అంతంతే.

చాలా ఇళ్లలో సన్నివేశం ఒకటే. పిల్లల పోరు పడలేక ఓ కుక్కపిల్లనో, పిల్లికూననో తెస్తారు. కొన్ని నెలలు గడిచేసరికి పిల్లాడికి పొద్దున లేస్తూనే తుమ్ములు, కళ్ల దురద మొదలవుతాయి. ఆపైన రాత్రిళ్లు దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. డాక్టర్ దగ్గరికి తీసుకెళితే మొదట ఎదురయ్యే ప్రశ్నల్లో ఒకటి: ఇంట్లో జంతువులున్నాయా? అంతే, ఇల్లు రెండు వర్గాలుగా చీలిపోతుంది. ముందు దాన్ని పంపించేయమని నాయనమ్మ తీర్పు చెబుతుంది. పెద్దయితే వాడికే సర్దుకుంటుందని తండ్రి వాదిస్తాడు. అప్పటికే దానికి పేరు పెట్టుకుని, పక్కలో పడుకోబెట్టుకుంటున్న పిల్లాడు ఏడుపు లంకించుకుంటాడు.

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ సర్దుకుంటుందనే భరోసా మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

పాలు, గుడ్డు పడని పసివాళ్లలో ఎక్కువమంది పెరిగేకొద్దీ ఆ బెడద నుంచి బయటపడతారు. అందుకే అన్ని అలర్జీలూ అంతేనన్న నమ్మకం ఏర్పడింది. పీల్చే గాలితో వచ్చే అలర్జీల తీరు వేరు. పిల్లి, కుక్క, ధూళి పురుగులు, పుప్పొడి వంటి వాటికి శరీరం ఒకసారి వ్యతిరేకత పెంచుకుంటే అది సాధారణంగా ఏళ్ల తరబడి కొనసాగుతుంది. కొందరిలో టీనేజీకి వచ్చేసరికి ఆస్తమా లక్షణాలు తగ్గుముఖం పడతాయి. అయితే లక్షణాలు తగ్గడం వేరు, అలర్జీ పోవడం వేరు. చర్మపరీక్ష చేస్తే అదే దద్దురు మళ్లీ తేలవచ్చు. ఉద్యోగంలో చేరాకో, పెళ్లయ్యాకో పాత జబ్బు తిరగబెట్టిన వారూ ఉన్నారు. చిన్నప్పుడు ఏ ఇబ్బందీ లేనివారికి నడివయసులో కొత్తగా మొదలవడమూ అరుదు కాదు.

వెంట్రుక కాదు దోషి

ఈ విషయంలో అందరూ నిందించేది వెంట్రుకలనే. నిజానికి దోషి ప్రోటీన్. పిల్లి లాలాజలంలో, చర్మంలోని తైలగ్రంథుల్లో 'ఫెల్ డి 1' అనే ప్రోటీన్ తయారవుతుంది. పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడు అది బొచ్చుకు అంటుకుని, ఆరిపోయి, చర్మపు పొట్టుతో కలిసి గాల్లోకి లేస్తుంది. పిల్లి అలర్జీ ఉన్న 10 మందిలో 9 మందికి పైగా స్పందించేది దీనికే. ఇందులో అతిసూక్ష్మ కణాలు గంటల తరబడి గాల్లోనే తేలుతుంటాయి. బట్టలకు అంటుకుని బడికి, ఆఫీసుకు కూడా ప్రయాణం చేస్తాయి. పిల్లిని పెంచని ఇళ్లలోనూ ఇది దొరకడానికి కారణం అదే. పిల్లిని పంపించేశాక కూడా సోఫాలు, పరుపులు, తివాచీల్లో దీని మోతాదు బాగా తగ్గడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. పిల్లి వెళ్లిన వారానికే పిల్లికూతలు ఆగలేదని నిరాశపడేవారు తెలుసుకోవలసిన సంగతి ఇది.

కుక్కల కథ మరికాస్త చిక్కు. వాటిలో అలర్జీ కలిగించే ప్రోటీన్లు అనేకం. వాటిలో ఒకటి మగకుక్కల ప్రోస్టేట్ గ్రంథిలోనే తయారవుతుంది. కేవలం దానికే స్పందించేవారికి ఆడకుక్కతో ఇబ్బంది లేకపోవచ్చు. అలర్జీ రాని జాతులన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు. కూతురి అలర్జీ దృష్ట్యా అమెరికా అధ్యక్షుడు ఒబామా 2009లో వైట్‌హౌస్‌కు పోర్చుగీస్ వాటర్ డాగ్‌ను తెచ్చుకోవడంతో ఆ ప్రచారం ఊపందుకుంది. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొలిచి చూస్తే, అలాంటి జాతుల బొచ్చులో అలర్జీ కారకం తక్కువేమీ లేదని తేలింది.

అలవాటుపడితే పోతుందా?

పిల్లితోనే కాపురం చేస్తే శరీరం అలవాటుపడుతుందన్న మాటలో కొంత పస ఉంది. ఇంట్లో పిల్లి ఉండి, ఆ ప్రోటీన్‌ను అధిక మోతాదులో పీలుస్తున్న పిల్లల్లో కొందరికి అలర్జీకి మూలమైన ఐజీఈ యాంటీబాడీలకు బదులు ఐజీజీ రకం యాంటీబాడీలు తయారవుతున్నట్టు 2001లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. పుట్టిన తొలి ఏడాదిలోనే రెండు లేదా అంతకంటే ఎక్కువ కుక్కలు, పిల్లుల మధ్య పెరిగిన పిల్లల్లో ఆరేడేళ్ల వయసుకు అలర్జీల ముప్పు తక్కువని 2002లో డెట్రాయిట్ ప్రాంతంలో 474 మంది పిల్లలపై జరిపిన అధ్యయనం పేర్కొంది. అన్ని అధ్యయనాలూ ఇదే మాట చెప్పలేదు. పైగా ఇదంతా అలర్జీ రాకుండా ఉండటానికి సంబంధించింది. వచ్చిన అలర్జీని జంతువు సాంగత్యంతో వదిలించుకోవచ్చని ఇవి చెప్పలేదు.

ఆ అలవాటు కూడా శాశ్వతం కాదు. చదువుకోసం హాస్టల్‌కు వెళ్లి నెలల తర్వాత తిరిగొచ్చిన విద్యార్థికి, తనతోపాటు పెరిగిన పిల్లే తుమ్ములు తెప్పించవచ్చు. అమెరికాలో దీనికి పండుగ సెలవుల పేరిట థాంక్స్‌గివింగ్ ఎఫెక్ట్ అని పేరు. ఇక ఆస్తమా ఉన్నవారు అలవాటుపడదామని ప్రయోగాలు చేయడం ప్రమాదకరం. పెంపుడు జంతువును ఇంటి నుంచి తప్పించిన ఆస్తమా రోగుల్లో శ్వాసనాళాల అతిస్పందన తగ్గిందని 2005లో జపాన్ వైద్యులు గుర్తించారు.

ముందు పరీక్ష, తర్వాతే తీర్పు

అయితే కుక్కను సాగనంపే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మన దేశంలో ధూళి పురుగులు, బొద్దింకలు, వయ్యారిభామ వంటి మొక్కల పుప్పొడి కూడా ఇవే లక్షణాలు తెస్తాయి. చర్మపరీక్షతోనో, రక్తంలో ఐజీఈ పరీక్షతోనో అసలు దోషిని తేల్చుకోవచ్చు. యాంటీహిస్టమిన్ మాత్రలు వాడుతుంటే చర్మపరీక్ష ఫలితం తప్పుతుంది. అందుకే డాక్టర్ సలహాతో వాటిని కొన్ని రోజుల ముందే ఆపాలి.

దోషి జంతువేనని తేలినా, లక్షణాలు ముక్కుకు, కళ్లకే పరిమితమైతే మధ్యేమార్గం ఉంది. దాన్ని పడకగదిలోకి రానివ్వకూడదు. తివాచీలు తీసేయాలి. కుక్కకు వారానికి రెండుసార్లు స్నానం చేయించాలి. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, మాత్రలు ఉపశమనం ఇస్తాయి. గాలిని వడగట్టే హెపా ఫిల్టర్లు కణాలను తగ్గించినా, వాటిని మాత్రమే నమ్ముకుంటే పెద్దగా ఫలితం ఉండదు.

అలర్జీ స్వభావాన్నే మార్చగల చికిత్స ఇమ్యునోథెరపీ. లండన్‌లో లెనార్డ్ నూన్ 1911లో పుప్పొడి ఇంజెక్షన్లతో దీనికి నాంది పలికాడు. అలర్జీ కారకాన్ని కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ మూడు నుంచి ఐదేళ్లపాటు ఇస్తారు. పిల్లి అలర్జీలో దీని ఫలితాలకు ఆధారాలు కొంత మెరుగు, కుక్కల విషయంలో బలహీనం. ఆస్తమా అదుపులో లేనివారికి ఇది పనికిరాదు. తీవ్రమైన ప్రతిచర్య వస్తే తట్టుకునే ఏర్పాట్లున్న చోటే ఇంజెక్షన్ తీసుకోవాలి. 2020లో మరో దారి తెరుచుకుంది: పిల్లి లాలాజలంలోని ప్రోటీన్‌ను నిర్వీర్యం చేసే గుడ్డు యాంటీబాడీలు కలిపిన పిల్లి ఆహారం అమెరికా మార్కెట్లోకి వచ్చింది. అది కారకాన్ని తగ్గిస్తుందే గానీ పూర్తిగా తొలగించదు.

మొత్తానికి కాలమే నయం చేస్తుందని కూర్చోవడం పిల్లాడి ఊపిరితిత్తులతో జూదమాడటమే. తుమ్ములతో ఆగితే జంతువును ఉంచుకునే దారులు వెతకవచ్చు. రాత్రిళ్లు ఊపిరాడక లేచి కూర్చుంటుంటే, చికిత్స తీసుకున్నా అది తగ్గకపోతే, మంచి ఇల్లు చూసి దాన్ని అప్పగించడమే మేలు. వీధిలో వదిలేయడం పరిష్కారం కాదు. అన్నిటికంటే తేలికైన నిర్ణయం తెచ్చుకోక ముందు తీసుకునేది. కుక్కపిల్లను ఇంటికి తెచ్చేలోగా, దాన్ని పెంచుతున్న బంధువుల ఇంట్లో పిల్లాడిని పలుమార్లు కొన్ని గంటలపాటు ఆడుకోనివ్వాలి. ఇబ్బంది లేకపోతే అది పూర్తి హామీ కాదు. కానీ ఛాతీలో కూతలు మొదలైతే మాత్రం జవాబు అక్కడే దొరుకుతుంది, ఇంకా ఎవరూ దానికి పేరు పెట్టుకోకముందే.