ఫీజుకు గడువుంది, జీతానికి లేదా?

జూన్ వచ్చిందంటే మనవాళ్ల ఫోన్లలో ఒకటే మాట: "ఫీజు కట్టాల." రాజంపేట వైపు నుంచి కువైట్‌కు వచ్చి ఇంటిపని చేస్తున్న ఒక చెల్లెలు ఆ మధ్య మా దగ్గరికొచ్చింది. పేరు రాయొద్దంది. కూతురు ఊళ్లో ప్రైవేటు హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఏడాదికి 70,000, జూన్‌లో సగం కట్టాలి. ఇక్కడేమో మేడమ్ మూడు నెలలుగా జీతం ఇవ్వలేదు. ఊళ్లో తమ్ముడు 35,000 మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు.

బీకాం చదివినవాణ్ని, ఏదైనా కాగితం మీద లెక్క వేస్తే గానీ నాకు తోచదు. వడ్డీ నెలకు 1,050. ఎనిమిది నెలలకు 8,400. పిల్ల పుస్తకాలకు, యూనిఫాంకు కలిపినా అంత కాలేదట.

కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. నెలాఖరుకల్లా జీతం ఇవ్వాలి. ఆలస్యమైతే ఒక్కో నెలకు 10 దినార్లు అదనంగా ఇవ్వాలి. మూడు నెలలకు 30 దినార్లు, మన డబ్బుల్లో 8,000 పైనే. ఊళ్లో పెరిగిన వడ్డీకి ఇంచుమించు సరిపోతుంది! ఈ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చిక్కు ఇంకోటుంది. అరబ్బీలో ఉన్న కాగితాల మీద ఆమె సంతకం పెట్టేసింది. "ఏం రాసుందో నాకేం తెలుసన్నా, పెట్టమంటే పెట్టినా" అంది. అది జీతం ముట్టినట్టు రసీదైతే కేసు బరువు సగం తగ్గినట్టే. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి. తప్పనిసరైతే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఆమె చదువు ఐదో తరగతితో ఆగింది. పది పాసైన సర్టిఫికెట్ ఉంటే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడదు. ఆ ముద్ర చెడ్డదని కాదు, 10 లక్షల ప్రవాసీ బీమా వాళ్లకే తప్పనిసరి. కానీ ఆమె పట్టుదల వేరు: "నా బిడ్డ పాస్‌పోర్టులో అది ఉండకూడదన్నా."

మరి కస్తూర్బా బాలికల విద్యాలయంలో చేర్చలేదేం, అక్కడ చదువూ హాస్టలూ ఉచితమే కదా అని అడిగాను. "కోయిట్‌కు పోయి కూడా బిడ్డను ఉత్త బళ్లో వేసిందంటారు గదన్నా." ఆ ఒక్క మాట ఖరీదు ఏడాదికి 70,000. నాకు కోపమొచ్చింది గానీ ఏమీ అనలేదు. మా అబ్బాయిని నేనూ అలాగే చేర్చాను.

మ్యాన్‌పవర్ అథారిటీలో ఫిర్యాదు పెట్టాం. అక్కడ పనికొచ్చింది ఒక నోటుబుక్కు. ఏ తేదీన ఎంత ఇచ్చారో రాసిపెట్టమని కూతురే ఫోన్‌లో నేర్పిందట, వంకర అక్షరాలతో ఏడాది లెక్క ఉంది. రెండు నెలల జీతం వచ్చింది. మూడోదీ, ఆ 30 దినార్లూ ఇంకా రావాలి. ఫీజు రెండో వాయిదాకు గడువు దగ్గరపడింది.