డెలావేర్ నదికి ఇరువైపులా

ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది. వేతనమంటే శ్రమకు ధర కనుక, ప్రభుత్వం కనీస వేతనాన్ని పెంచితే కొందరి ఉపాధి పోక తప్పదని అర్థశాస్త్రంలో తొలి పాఠాలు చెబుతాయి. తర్కం చక్కగానే ఉంది. కొలిచి చూసినప్పుడే చిక్కు వచ్చింది.

1992 ఏప్రిల్ 1న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు 4.25 డాలర్లున్న కనీస వేతనాన్ని 5.05 డాలర్లు చేసింది. డెలావేర్ నది అవతల ఉన్న పెన్సిల్వేనియాలో పాత రేటే కొనసాగింది. రెండు చోట్లా అవే హోటళ్లు, అవే గడ్డు రోజులు. ముఖ్యమైన తేడా చట్టం ఒక్కటే. ప్రయోగశాలలో శ్రమపడి సమకూర్చుకోవలసిన పరిస్థితి దానంతటదే ఏర్పడింది. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ల సిబ్బంది వివరాలను పెంపుకు ముందు ఒకసారి, ఆ ఏడాది చివర మరోసారి సేకరించారు. మూతబడిన హోటళ్లనూ లెక్కలో ఉంచారు. పోయిన ఉద్యోగాలు దాగేది అక్కడే కాబట్టి ఈ జాగ్రత్త చాలా విలువైనది.

పూర్తికాలపు కొలువుల లెక్కన న్యూజెర్సీలో హోటల్‌కు సగటు సిబ్బంది 20.4 నుంచి 21కి చేరింది. పెన్సిల్వేనియాలో 23.3 నుంచి 21.2కు పడిపోయింది.

ఇదెలా సాధ్యం? ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే ఒక దారి చూపింది. పనివాడు రేపే మరో యజమాని దగ్గరకు వెళ్లగలిగితే పాఠం చెప్పినట్టే జరుగుతుంది. కానీ వెతుకులాట, ప్రయాణం, ఇంటి బాధ్యతలు అతణ్ణి కట్టిపడేస్తాయి. యజమానికి ఇంకో మనిషి కావాలంటే జీతం పెంచాలి. కొత్తవాడికి పెంచితే పాతవాళ్లందరికీ పెంచాలి. ఆ భారం కన్నా ఖాళీని ఖాళీగా వదిలేయడమే అతనికి లాభం. చట్టం అందరికీ ఒకే కనీస రేటు విధించాక, అదే రేటుకు ఇంకొకరు దొరికితే చేర్చుకోవడానికి అతనికి అడ్డేమీ ఉండదు. ఖర్చు మాత్రం గాలిలో కలిసిపోదు. పెన్సిల్వేనియాతో పోలిస్తే న్యూజెర్సీలో భోజనం ధర సుమారు 4 శాతం ఎక్కువగా పెరిగింది.

విమర్శకులు ఊరుకోలేదు. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ జీతాల పట్టీలు తిరగేసి, ఉద్యోగాలు తగ్గాయని 2000లో వాదించారు. కార్డ్, క్రూగర్ ప్రభుత్వ రికార్డులతో మళ్లీ లెక్కగట్టి, చెప్పుకోదగిన తగ్గుదల లేదన్నారు. నాకు వీరి లెక్కే బలంగా కనిపిస్తుంది. అయితే అది 80 సెంట్ల పెంపుకు వచ్చిన ఫలితం. వేతనాన్ని ఒక్కసారిగా రెట్టింపు చేసేవారు దాన్ని సాక్ష్యంగా తెచ్చుకోలేరు.

అర్థశాస్త్రంలో 2021 నోబెల్ పురస్కారంలో సగం కార్డ్‌కు దక్కింది. క్రూగర్ 2019లోనే మరణించాడు.